మంచం, రాకెట్, పూల ఓదెలు

నారాయణగూడ మార్కెట్ పక్కన పూలమ్మే వాళ్ల వరసలో చివరి బల్ల ఎల్లవ్వది. బల్ల మీద తడిపిన గోనెసంచి, దాని మీద కుప్పలుగా బంతి, చామంతి, లిల్లీ, పైన ఎండకు వెలిసిన నీలం పరదా. అందరూ దాన్ని ఓదెలు దుకాణం అనే అంటారు గానీ ఓదెలు అక్కడ కూర్చునేది తక్కువ. బల్ల భార్యది, గల్లీలు తనవి అని మొగుడూపెళ్లాలు ఎప్పుడో పంచుకున్నారు.

గుడిమల్కాపూర్ పూలమండీ నుంచి ఆటోలో పూలమూటలు దిగగానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పొట్లాలు కడతారు. వెలుతురు రాగానే ఓదెలు సైకిలెక్కి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో ఇంటింటికీ పూజపూలు వేసి వస్తాడు. ఇలా రోజూ పూలు వేయించుకునే ఇళ్లు వాళ్ల మాటలో ‘వాడిక ఇండ్లు’. ప్రతి ఇంటి వాళ్లూ రాత్రే గేటు పైకొనకు ఒక సంచి తగిలిస్తారు. ఓదెలు సైకిలు దిగడు. ఒక కాలు నేల మీద ఆనించి, పొట్లం సంచిలో జారవిడిచి, ‘పూలమ్మా’ అని ఒక్క మాటని సాగిపోతాడు.

ఇళ్లవాళ్ల పేర్లకంటే వాళ్ల దేవుళ్లే అతనికి బాగా గుర్తు. ఎవరి సంగతైనా చెప్పాల్సివస్తే ‘మేడమీది శివయ్య’ అనో, ‘మూడు వినాయకుల ఇల్లు’ అనో చెప్తాడు. శివయ్య ఇంటికి మారేడు దళాలు, అమ్మవారి ఇంటికి ఎర్ర మందారాలు మర్చిపోడు. ఒకసారి అశోక్‌నగర్‌లో ఒకాయన ఆంజనేయుడి పటం కొత్తగా తెచ్చి పెట్టుకుంటే, మర్నాటి పొట్లంలో అడక్కుండానే తమలపాకులు వచ్చాయట. ఎలా తెలిసిందని వాళ్లు ఆశ్చర్యపోతే, “మీ గడపకాడ సింధూరం రాలున్నది గదమ్మా” అన్నాడట.

ఎల్లవ్వ బల్లకు పక్కనే తాళంచెవులు చేసే డబ్బా నాది. గిరాకీ లేని సాయంత్రాలు ఓదెలు నా స్టూలు మీదికి చేరేవాడు. ఇవి అతను చెప్పగా విన్నవి కొన్ని, నేను చూసినవి కొన్ని.

2011 ఎండాకాలంలో ఒక పొద్దున మూట దింపుతుంటే ఓదెలు నడుములో ఏదో పట్టుకుంది. పట్టింది వదల్లేదు. నల్లకుంటలో డాక్టరు ఫోటోలు తీయించి, ఎముకల మధ్య బిళ్ల ఒకటి జరిగిందని చెప్పి, మంచం మీద పడుకోబెట్టాడు. వానలు మొదలయ్యాక లేచి నడవమన్నాడు గానీ సైకిలు మాత్రం వద్దన్నాడు. ముందుకు వంగకూడదు. స్కూటరు కూడా అదే లెక్క. ఎక్కడ కూర్చున్నా వీపు వెనక్కి ఆనాలి.

“వీపు ఆనే సైకిలు ఏడ దొరుకుతది డాక్టర్ సాబ్?” అని అడిగాడట ఓదెలు. డాక్టరు నవ్వి మందులు రాశాడు.

ఆ రోజుల్లో ఎల్లవ్వే బల్ల కట్టేసి, పొట్లాల బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచి తిరిగింది. ఎంత నడిచినా సైకిలు సైకిలే. అశోక్‌నగర్ చేరేసరికి సగం ఇళ్లలో పూజలు అయిపోయేవి. ఈలోగా కాచిగూడ వైపు నుంచి మోపెడ్ మీద ఇంకో పూలాయన రావడం మొదలుపెట్టాడు. అతనికి శివుడికీ వినాయకుడికీ తేడా లేదు, అందరికీ ఒకటే పొట్లం, కానీ టైముకు వచ్చేవాడు.

అశోక్‌నగర్‌లో ఒక పొడుగాటి గల్లీ ఉంది. ఓదెలు వాడికలో మంచి ఇళ్లన్నీ అందులోనే. ఆ గల్లీకి పెద్ద దమయంతి గారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయిన మనిషి. పాతికేళ్ల కింద ఓదెలు ఆ గల్లీలో మొట్టమొదట పొట్లం వేసింది ఆమె గేటుకే. ఆమెను చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు, అలా గల్లీ అంతా ఓదెలుది అయింది. ఆషాఢంలో ఒకరోజు ఆమె ఎల్లవ్వను ఆపింది.

“చూడు ఎల్లవ్వా, శ్రావణందాక ఆగుతం. శ్రావణ శుక్రవారం గూడ పూలు పూజయినంక వస్తె ఈ గల్లీల ఎవరు ఊకోరు. నేను చెప్పినా ఆగరు. ఓదెలుకు జెప్పు.”

ఎల్లవ్వ చెప్పింది. ఆ గల్లీ పోతే ఓదెలు వాడికంతా పోయినట్టే. మూడోరోజు అతను నా డబ్బా దగ్గర కూర్చుని డాక్టరు మాట మళ్లీ చెప్పాడు. అప్పుడు చాయ్ తాగుతూ సాగర్ పక్కనే ఉన్నాడు.

సాగర్‌ది ఓదెలు ఊరికి పక్క ఊరు. మెకానికల్ ఇంజనీరింగ్ అప్పుడే అయిపోయి, గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాడు. పొద్దంతా లైబ్రరీ, సాయంత్రం మా దగ్గర చాయ్.

“వీపు ఆనే సైకిలా? ఉన్నది కాకా” అన్నాడు. “ఒకటి గాదు, రెండున్నయ్. మా కాలేజీల. ఒకటి సీనియర్లు చేసిన్రు, ఒకటి మేం చేసినం, ప్రాజెక్టుకు. పండుకోని తొక్కుతరు. రికంబెంట్ అంటరు.”

“గా పేరు నా నోట్లె పట్టదు గని, పండుకోని తొక్కుడేంది బిడ్డా?” అంది ఎల్లవ్వ. “కాలు చెయ్యి ఆడనోళ్ల బండా?”

“చూస్తె ఎరుకైతది పెద్దమ్మా.”

సాగర్ కాలేజీలో ల్యాబ్ సార్‌ను అడిగితే, ఒకటి తీసుకుపొమ్మన్నాడు. రెండోది వచ్చీపోయే వాళ్లకు చూపించడానికి ల్యాబ్‌లోనే ఉండాలి. ఏది కావాలో మీరే తేల్చుకొమ్మని, పదిహేను రోజులకు రెండింటినీ ఇచ్చాడు. సాగర్ వాటిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి ఎల్లవ్వ పరదా కింద పెట్టాడు. చూడటానికి మార్కెట్ సగం వచ్చింది.

సీనియర్లు చేసింది పొడుగు. ముందు చక్రం ఎక్కడో ముందుంది. దానికి వెనకగా, నేలకు జానెడు ఎత్తులో పెడళ్లు. నవారు అల్లిన సీటు, వెనక్కి వాలిన వీపు, సీటు వెనక పెద్ద బుట్ట పట్టేంత జాగా. మనిషి అందులో కూర్చుంటే కాళ్లు కిందికి ముందుకి చాపుకుని వాకిట్లో సేదదీరుతున్నట్టు ఉంటుంది.

“మంచానికి చక్రాలు పెట్టిన్రు” అంది ఎల్లవ్వ. దాని పేరు మంచం అయిపోయింది.

సాగర్ వాళ్లు చేసింది పొట్టిది, తేలిక. సీటు కుర్చీ ఎత్తులో ఉంది. పెడళ్లు మాత్రం ముందు చక్రానికి కూడా ముందు, ఒక ఇనుప గొట్టం చివర, గాల్లో ఉన్నాయి. తొక్కుతుంటే కాళ్లు నడుముకంటే పైకి లేస్తాయి. అరికాళ్లు ఎదుటివాళ్లను చూస్తుంటాయి. దాన్ని చూసి చాయ్ హోటలు జోగారావు, “ఇది వదిలితే పైకి పోతది, రాకెట్టు” అన్నాడు. ఆ పేరు కూడా ఉండిపోయింది.

“మూడు చూడాలె కాకా” అన్నాడు సాగర్. “ఏది జోరు పోతది, ఏది సుఖం, ఏది ఎన్ని పనులకు అక్కెరకొస్తది. గవి చూసి తీసుకో. నన్నడిగితే మాత్రం మాదే తీసుకొమ్మంట.”

“నిన్ను ఎవలడిగిన్రు, కొడుకును ముద్దుజేసినట్టు చేస్తున్నవ్ దాన్ని” అన్నాడు ఓదెలు.

జోరు చూడటానికి మంచిరోజు దొరికింది. ఆ వారంలోనే తెలంగాణ బంద్ పడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, దుకాణాల షట్టర్లన్నీ కిందికే. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద నాలుగు కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఓదెలు మంచం మీద, సాగర్ రాకెట్ మీద, వెనక నేనూ ఎల్లవ్వా నడుస్తూ బయల్దేరాం.

మొదట్లో ఓదెలు మంచం మీద పది గజాలు పోయి ఆగిపోయేవాడు. సైకిలు మీద నలభై ఏళ్లుగా ముందుకు వాలిన మనిషి వెనక్కి వాలితే తనకే నవ్వొచ్చింది. ఇంకాసేపటికి చెయ్యి కుదిరింది. హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే వంకర్లు పోతుంది, వదులుగా పట్టుకుంటే తిన్నగా పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం మంచం మొరాయించింది. మామూలు సైకిలయితే లేచి నిలబడి, ఒళ్లు బరువంతా వేసి తొక్కుతాం. పడుకున్నవాడు ఎక్కడ లేస్తాడు? కాళ్లతోనే నెట్టాలి. సాగర్ ఈలోగా పైకి వెళ్లి, అవతలికి దిగి, మళ్లీ ఎక్కి ఇటు వచ్చేశాడు.

“జోరుల మనదే కాకా” అని అరిచాడు దిగుతూ.

ఫ్లైఓవర్ మొదట్లో బందోబస్తు కానిస్టేబుల్ ఒకాయన లాఠీ ఊపి ఇద్దరినీ ఆపాడు. మంచాన్ని, రాకెట్టును, వాటి మీద పడుకున్న ఇద్దరినీ చాలాసేపు చూశాడు. ఆ సంవత్సరం జనం వంటలు వండి, బతుకమ్మలాడి, రోడ్డు మీద పడుకుని ఎన్ని రకాలుగా నిరసనలు చేశారో లెక్కలేదు.

“ఇది కొత్త తరీఖానా అన్నా?” అన్నాడు. “పండుకోని ర్యాలీ?”

“ర్యాలీ గాదు సార్, నడుం నొప్పి” అన్నాడు ఓదెలు.

“నాకూ ఉన్నది” అని కానిస్టేబుల్ లాఠీ సాగర్ చేతికిచ్చి, రాకెట్ మీద కూర్చుని, కాళ్లు పైకెత్తి, ఒక పెడలు తొక్కి పక్కకు ఒరిగిపోయాడు. లేచి, టోపీ సర్దుకుని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, “పోన్రి పోన్రి” అన్నాడు.

సైకిళ్లు మార్చుకుని చూశారు. రాకెట్ మీద ఓదెలుకు మొదట భయమేసింది గానీ, తర్వాత దిగనన్నాడు. సుఖంలో మంచమే మేలు. నవారు గుంతల దెబ్బ మింగేస్తుంది, రాకెట్ సీటు వీపుకు కాస్త గట్టి. అక్కెర సంగతికొస్తే తలా ఒక మాట. మంచం వెనక పెద్ద బుట్ట పడుతుంది గానీ సందు చివర తిప్పాలంటే దిగి, వెనక భాగం ఎత్తి పెట్టాలి. రాకెట్టు రెండు సంచులకంటే మోయదు గానీ ఎక్కడంటే అక్కడ తిరుగుతుంది. మంచం మీద ఉంటే గల్లీ కుక్కల మొహమూ తన మొహమూ ఒకటే ఎత్తులో ఉంటాయి. అది ఓదెలుకు నచ్చలేదు. “అది నన్ను గుర్రుమంటె నేను దాన్ని గుర్రుమనాలె” అన్నాడు.

అసలు తేడా గేటు దగ్గర తెలిసింది. ఆ సాయంత్రం మార్కెట్ వెనక ఒక గేటుకు సంచి తగిలించి, రెండింటి మీదా పొట్లం వేసి చూశాడు. రాకెట్ మీద నుంచి చెయ్యి చాపితే కొద్దిలో అందదు, కాలు దించి కాస్త లేస్తే సరిపోతుంది. కుర్చీలోంచి లేచినంత తేలిక. మంచం మీద నుంచి చెయ్యి సగం గేటుకు కూడా పోదు. లేవాలంటే నేల మీద చాపలోంచి లేచినట్టే. నడుము నొప్పివాడికి అన్నిటికంటే కష్టం అదే కదా.

“ఇంకేంది, రాకెట్టే” అన్నాడు ఓదెలు. సాగర్ ఆ పూట అందరికీ చాయ్ తాగించాడు.

మర్నాడు రాకెట్ వెనక రెండు సంచుల నిండా పొట్లాలు పెట్టుకుని ఓదెలు బయల్దేరాడు. కార్లవాళ్లకు కనిపించాలని ఎల్లవ్వ ఒక వెదురుపుల్ల సీటు వెనక కట్టి, కొసకు బంతిపూల గుత్తి వేలాడదీసింది. చిక్కడపల్లిలో గుడి ముందుకు రాగానే దిగి, చెప్పులు విడిచి, సైకిలు నడిపించుకుంటూ దాటాడు. దేవుడికి కాళ్లు చూపించకూడదన్న సోయి అతనికి ఉంది. గుడి దాటాక మళ్లీ ఎక్కి, గాలిలా పోయాడు. నడుములో చిన్న నొప్పి కూడా లేదు. ఎండాకాలం తర్వాత మొదటిసారి ఈల వేశానని నాతో చెప్పాడు.

అశోక్‌నగర్ గల్లీలోకి తిరిగేసరికి దమయంతి గారు గేటు ముందు వంగి ముగ్గు వేస్తున్నారు. చక్రాల చప్పుడుకు తలెత్తి చూశారు. ఆమె మొహానికి సూటిగా రెండు అరికాళ్లు, ఒకటి మార్చి ఒకటి, దగ్గరికొస్తున్నాయి. వాటి వెనక ఎక్కడో ఓదెలు నవ్వు మొహం. ఆ వెనక దేవుడి పూలు.

ఆమె ముగ్గు గిన్నె పట్టుకుని పక్కకు జరిగింది. ఓదెలు ఆగి, సంతోషంగా పొట్లం చాపాడు.

“ఏంది ఓదెలూ ఇది?”

“వీపు ఆనే సైకిలమ్మా. శ్రావణానికి ఇంక ఫికర్ లేదు.”

“సైకిలు మంచిగనే ఉన్నది. కాళ్లేంది? కాళ్లు ముంగట, దేవుని పూలు వెనక. పొద్దుగాల లేచి గడప కడిగి ముగ్గేస్తుంటె నాకు కాళ్లు చూపించుకుంట వచ్చినవ్. నాకైతె సరే. గీ పూలు నేను దేవుని తలమీద ఎట్ల పెట్టాలె?”

గుడి దగ్గర గుర్తొచ్చిన సంగతి గేటు దగ్గర ఎందుకు గుర్తురాలేదో ఓదెలుకే తెలియలేదు. ప్రతి గేటు లోపలా ఒక దేవుడున్నాడని అతనికంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆమె పొట్లం తీసుకోలేదు. కోపంగా కాదు, చెయ్యి ముందుకు రాలేదు. ఎదురింటి కిషన్ రావు గారు మేడ మీద నుంచి అంతా చూశారు. మధ్యాహ్నానికి గల్లీ అంతా తెలిసింది. మర్నాడు ఆ గల్లీలో సగం గేట్లకు సంచులు లేవు. అటుపక్క నుంచి మోపెడ్ చప్పుడు వినిపించింది.

“నలభై ఏండ్ల సంది పూలమ్ముతున్నవ్, కాళ్లేడ పెట్టాల్నో ఎరుక లేదా?” అంది ఎల్లవ్వ.

“నేను పెట్టలేదే, సైకిలు పెట్టింది.”

“సైకిలు ఎక్కింది ఎవలు, మీ నాయినా?”

సాగర్ ఊరుకోలేదు. పెడళ్ల గొట్టానికి ముందు ఒక వెదురు బుట్ట కట్టి, పూలు అందులో పెడితే పూలే ముందుంటాయి, కాళ్లు కనబడవు అన్నాడు. కట్టాడు కూడా. ఎల్లవ్వ ఓదెలును తొక్కి చూపించమంది. ఒక్క చుట్టు చూసింది.

“పూలను తన్నుకుంట పోతున్నట్టున్నది. తియ్యిండ్రి.”

బుట్ట తీసేశారు. ఇక మిగిలింది మంచం. దాని మీద కాళ్లు కిందికుంటాయి, ముందు చక్రం చాటున ఉంటాయి, ఎవరికీ చూపించినట్టు కాదు. పూలు సీటు వెనక, ఓదెలు తలకంటే ఎత్తులో ఉంటాయి. ఆ సంగతి ఎల్లవ్వ చుట్టూ తిరిగి చూసి ఖాయం చేసింది. “దేవుని పూలు నెత్తి మీదున్నట్టే” అంది.

శ్రావణం దగ్గరపడింది. ఓదెలు మంచం తీసుకుని బయల్దేరాడు. దారిలో నడుముకు హాయి. కానీ ప్రతి గేటు దగ్గరా లేవాలి. గేటు ఊచలు పట్టుకుని, మోకాళ్ల మీద బరువు వేసి, నడుము పట్టుకుని లేచి, పొట్లం వేసి, మళ్లీ కిందికి కూర్చోవాలి. నారాయణగూడ ఇళ్లు అయ్యేసరికే చెమటలు పట్టాయి. చిక్కడపల్లిలో ఒక అరుగు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచి ఎల్లవ్వను పిలిపించి, ఆమెను పక్కన నడిపిస్తూ మెల్లగా అశోక్‌నగర్ చేరాడు. గల్లీలోకి రాగానే ఆమెను మూలమీద ఆపేశాడు.

“నువ్వు ఇక్కడనే ఉండు. ఈ గల్లీ నేనొక్కడినే చెయ్యాలె. లేకుంటె ఇద్దరు మనుషుల పని అంటరు.”

దమయంతి గారి గేటు దగ్గర సంచి లేదు. ఆమె మాత్రం వాకిట్లో ఉంది. ఓదెలు లేవబోయాడు. సగం లేచి, గేటు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. పళ్లు బిగించి ఎలాగో నిలబడ్డాడు.

“కాళ్లు కిందనే ఉన్నయమ్మా” అన్నాడు మొదటి మాటగా.

“చూసిన” అంది ఆమె. “మంచిగున్నది. మరి మొహం ఎందుకట్ల పెట్టినవ్?”

“కూసుంటె సుఖం, లేస్తె నరకమమ్మా. అంతే.”

“అంత కష్టమేముంటది, కుర్చీల నుంచి లేసుడే గద.” బడిలో పిల్లలు కడుపునొప్పి అంటే ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో. “నువ్వు చెప్పుడు కాదు, నేను కూసోని చూస్తె ఎరుకైతది. పట్టుకో.”

ఓదెలు వద్దన్నాడు. ఆమె చీరకుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుని, నవారు మీదికి మెల్లగా ఒరిగింది. కాళ్లు చాపుకుంది. వీపు ఆనించింది. మొహం మారింది.

“అబ్బ, మా ఇంట్ల పడకకుర్చీ గూడ గింత సుఖం లేదు ఓదెలూ.”

“చెప్పిన గదమ్మా.”

“ఆ పొట్లం ఇటియ్యి.” పొట్లం తీసుకుని గేటు వైపు చెయ్యి చాపింది. మధ్యలోనే ఆగింది. ఇంకా చాపింది. గేటు పైకొన ఆకాశంలో ఉన్నట్టు కనిపించి ఉండాలి. “ఊ” అంది. “సరే, లేస్త.”

లేవలేకపోయింది. ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది. సైకిలు కూడా ఊగింది. “జర చెయ్యియ్యి ఓదెలూ.”

“నేను లేపితే ఇద్దరం పడతమమ్మా. నాకు వంగొద్దన్నరు.”

అలా ఉండిపోయారు. ఆమె కింద, అతను సైకిలు పట్టుకుని పైన, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. ముందు ఆమెకే నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా లేవడం రాలేదు. అప్పుడే కిషన్ రావు గారు పాలప్యాకెట్లతో బయటికొచ్చారు.

“హెడ్మాస్టరమ్మా, ఏడికి ప్రయాణం? కాశీకా?”

“ముందుగల లేపు కిషన్ రావు, అడుగుడు తర్వాత.”

ఆయన ఒక చెయ్యి, మూలమీద నుంచి ఉరికొచ్చిన ఎల్లవ్వ ఒక చెయ్యి పట్టి ఆమెను లేపారు. ఆమె చీర సర్దుకుని, నడుము మీద చెయ్యి పెట్టి, ఓదెలును చూసింది. తర్వాత గల్లీ పొడుగునా గేట్లను చూసింది.

“ఇన్ని గేట్ల కాడ ఇట్లనేనా నువ్వు?”

“ఇట్లనే అమ్మా.”

ఆమె లోపలికి వెళ్లి, బట్టలారేసే తాడు ఒకటి తెచ్చింది. తన పూల సంచిని ఆ తాడు కొసకు కట్టి, గేటు పైనుంచి బయటికి జారవిడిచింది. సంచి కిందికి దిగి, మంచం మీద కూర్చున్న మనిషి మోచేతి ఎత్తుకు వచ్చి ఆగింది. రెండో కొసను లోపల ఊచకు ముడివేసింది. “కూసో” అంది ఓదెలును. అతను కూర్చుని, చెయ్యి పెద్దగా చాపకుండానే పొట్లం అందులో వేశాడు. ఆమె లోపలి నుంచి తాడు లాగింది. సంచి పైకి లేచి గేటు దాటి ఆమె చేతిలోకి వచ్చింది.

ఆ పూట ఆమె ముగ్గు కూడా పూర్తి చేయలేదు. గల్లీలో ప్రతి ఇంటి ముందూ నిలబడి, తాడు ఎంత పొడుగు ఉండాలో చేత్తో చూపించి, కట్టేదాకా కదల్లేదు.

“మా ఇంటికి తాడెందుకమ్మా, నేనే బయట నిలబడి తీసుకుంట” అన్నారు కిషన్ రావు గారు.

“నువ్వు లేచేసరికి పూలు వాడిపోతయ్. కట్టు.”

ఆయన అయిష్టంగానే కట్టారు. మర్నాడు పొద్దున్నే పొట్లం పడింది, ఓదెలు ‘పూలమ్మా’ అన్నాడు, ఆయన లేవలేదు. గల్లీలో తిరిగే ఆవు వచ్చి ఎత్తు సరిగ్గా సరిపోయిందని పొట్లం విప్పి, చామంతులు తిని, చుట్టిన ఆకు కూడా తిని పోయింది. ఆ తర్వాత ఓదెలు పిలుపు వినగానే తాడు లాగడంలో ఆయన కంటే ముందు ఎవరూ లేరు.

ఒక గల్లీ చూసి ఇంకో గల్లీ. చిక్కడపల్లిలో వాళ్లు చీర అంచు చింపి కట్టారు, నారాయణగూడలో ఒకాయన పాత కరెంటు వైరు కట్టాడు. తిరగడానికి వీల్లేని ఒక మూసుకుపోయిన సందులో వాళ్లంతా మొదటి ఇంటి గేటుకే సంచులు వేలాడదీసి, ఎవరిది వాళ్లు వచ్చి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఓదెలు తన దారి కూడా మార్చుకున్నాడు. ఎక్కడా వెనక్కి తిప్పకుండా, ఒక కొసలో దూరి ఇంకో కొసలో తేలేలా గల్లీలను కొత్తగా కలుపుకున్నాడు. ఫ్లైఓవర్ జోలికి పోడు, కింది నుంచే వెళ్తాడు. అయినా మామూలు సైకిలంత జోరు లేదు, అందుకని కాస్త ముందే బయల్దేరతాడు.

రాకెట్టును ల్యాబ్‌కు పంపే రోజు సాగర్ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“జోరుల గెలిచింది, తిరుగుడుల గెలిచింది, గేటు కాడ గెలిచింది. మల్ల ఓడిందేంది కాకా?”

“మన దగ్గర తొక్కనీకి పుట్టలేదు బిడ్డా అది” అన్నాడు ఓదెలు. “మంచి గుర్రమే. కాళ్లు జర మడుచుకునేటట్టు చెయ్యి, మల్ల చూద్దాం.”

శ్రావణ శుక్రవారం వచ్చింది. ముందురోజు నుంచీ ఎల్లవ్వ బల్ల మీద పూలు కొండ. చామంతి, మల్లె, కనకాంబరం, తామరమొగ్గలు, మరువం. పరదా కింద నడవడానికి జాగా లేదు. మంచం వెనక బుట్టకు తోడు పక్కల రెండు సంచులు కట్టి ఓదెలు బయల్దేరుతుంటే, నడుము పట్టేస్తుందేమోనని ఎల్లవ్వ ఆటోకు డబ్బులు కొంగున కట్టుకుని వెనకే నడవబోయింది. అతను వద్దన్నాడు. ఆమె బల్ల దగ్గరే నిలబడి చాలాసేపు అటే చూసింది. ఆ పూట నా డబ్బా మూసి నేను వెళ్లాను, చూడాలనిపించి.

గల్లీ గల్లీకీ గేట్ల మీద నుంచి తాళ్లు వేలాడుతున్నాయి. తలస్నానాలు చేసి, తడిజుట్టుకు తువ్వాళ్లు చుట్టుకున్న ఆడవాళ్లు గేట్ల వెనక నిలబడి ఉన్నారు. ఓదెలు నవారు మీద ఒరిగి, చెయ్యి మాత్రం పక్కకు చాపుతూ పోతున్నాడు. ‘పూలమ్మా’ అన్నచోటల్లా వెనక నుంచి ఒక్కొక్క సంచి పైకి లేస్తోంది. దమయంతి గారి గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఆమె పీట మీద కలశం పెట్టలేదట. తాడు లాగి, పొట్లం విప్పి, వాసన చూసింది.

“టైముకే వచ్చినవ్” అంది. “మరువం జర తక్కువేసినవ్.”

“రేపు ఎక్కువేస్తనమ్మా.”

మోపెడాయన ఆ పొద్దున గల్లీ మొదట్లో ఆగి, తాళ్లన్నీ చూసి, అవి ఎందుకో అర్థంకాక తిరిగిపోయాడని కిషన్ రావు గారు చెప్పారు.

గల్లీ చివర ఒక ఇల్లు ఓదెలు వాడిక కాదు. అందులో ఆ నెలే ఉదయశ్రీ అనే కొత్త కోడలు, ఆమె భర్త కిరాయికి దిగారు. ఆ గేటుకూ ఒక తాడు వేలాడుతోంది. మిగతావాళ్లలా పాత తాడు కాదు. కొత్త నూలు తాడుకు నిండా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకు కట్టి, కొసన కొత్త రవికబట్ట సంచిలా కుట్టి వేలాడదీశారు. సంచిలో రెండు ఖర్జూరాలు, వక్క కూడా ఉన్నాయి. ఓదెలు మంచం ఆపి, తాడును పైనుంచి కింది దాకా చూశాడు.

ఉదయశ్రీ గేటు తీసి బయటికొచ్చింది.

“అన్నా, ఇది ఏ నోము తాడన్నా? మా అత్తగారి దిక్కు ఈ ఆచారం లేదు. గల్లీల అందరు కట్టిన్రు, మనం కట్టకుంటె మంచిది కాదేమో అని నేను గూడ కట్టిన. పసుపు రాసుడు సరిపోతదా, ఇంకేమన్న చెయ్యాల్నా?”

ఓదెలు నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించాడు గానీ, వెనక్కి వాలి ఉన్న మనిషికి నవ్వు ఆపుకోవడం కష్టం. కడుపు ఊగుతుంటే సైకిలు ఊగింది.

“ఇది నా నడుము నోము తల్లీ” అన్నాడు చివరికి. “అందరు కలిసి పట్టిన్రు. నువ్వు చేసింది గూడ సరిపోయింది.”

బుట్టలో మిగిలిన వాటిలోంచి మల్లెలు, చామంతులు, ఒక తామరమొగ్గ ఏరి, ఆకులో చుట్టి, పసుపు సంచిలో వేశాడు. ఆమెకు సంగతి సగమే అర్థమైనట్టుంది. అయినా లోపలికి వెళ్లి తాడు లాగింది. అలవాటు లేక సంచి గేటు కొనకు తట్టుకుంటే, ఓదెలు కింద నుంచి “జర ఎడమకు, ఎడమకు” అని చెప్తూ, అది లోపలికి చేరేదాకా ఆగి, అప్పుడు పెడలు తొక్కాడు.